గండికోట జలాశయంలో ప్రొపెల్లర్ పరీక్ష: 11 పిచ్ మేలా, 9 పిచ్ మేలా?

వీక్షకులకు నమస్కారం. కడప జిల్లా గండికోట జలాశయంలో నేను నడుపుతున్న 14 అడుగుల ఫైబర్ బోటుకు 15 హార్స్‌పవర్ ఇంజను ఉన్నది. దానికి రెండు అల్యూమినియం ప్రొపెల్లర్లను మార్చి మార్చి బిగించి చూసి, తేలిన సంగతిని ఈ వీడియోలో మీ ముందు ఉంచుతున్నాను.

రెండింటికీ మూడేసి రెక్కలు. వ్యాసం కూడా ఒకటే, తొమ్మిదింపావు అంగుళాలు. తేడా అంతా పిచ్‌లోనే ఉన్నది: ఒకటి 11, మరొకటి 9. నీరు జారిపోకుండా ఉంటే, ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగేసరికి బోటు ఎన్ని అంగుళాలు ముందుకు సాగుతుందో ఆ కొలతే పిచ్.

పిచ్ పెరిగితే వేగం పెరుగుతుందన్న నమ్మకంతో నేను మొదట 11నే కొన్నాను. ఒక్కడినే వెళ్ళినప్పుడు అది చక్కగానే పరుగెత్తింది. నలుగురు మనుషులు, వలలు, పెట్రోలు డబ్బా ఎక్కిన రోజున మాత్రం థ్రాటిల్ పూర్తిగా తిప్పినా, స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టిన టాకోమీటరులో అంకె నిమిషానికి 4,300 చుట్లు దాటలేదు. బోటు ముక్కు పైకెత్తి, వెనుక భాగం నీటిలో కుంగి, ఈడ్చుకుంటూ సాగింది. నా ఇంజను మాన్యువల్ ప్రకారం అది 4,500 నుంచి 5,500 మధ్య తిరగాలి. గువ్వలచెరువు ఘాటులో లోడు లారీని టాప్ గేరులో ఎక్కించబోతే ఇంజను ఎంత అవస్థ పడుతుందో, ఇక్కడా అంతే అవస్థ: వేడి పెరుగుతుంది, లోపల మసి పేరుకుంటుంది, పెట్రోలు వృథా అవుతుంది.

పిచ్ ఒక అంగుళం తగ్గితే సాధారణంగా 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. 9 బిగించిన తరువాత అదే బరువుతో 4,700 అందుకున్నది. ఒక్కడినే ఉన్నప్పుడు కూడా 5,500 మించలేదు. అందుచేత నా ఓటు 9కే. మీరు రోజూ మోసే బరువుతోనే పరీక్షించండి, ఖాళీ బోటుతో కాదు. పిచ్ మరీ తగ్గించి ఇంజనును హద్దు దాటి తిరగనిచ్చినా చేటే.

స్టీలు రెక్కలు గట్టివే, కాని ఖరీదెక్కువ. నీరు తగ్గినప్పుడు రాళ్ళు తగిలే మన జలాశయంలో, తాను వంగి గేర్లకు తగిలే దెబ్బను కొంత తగ్గించే అల్యూమినియమే నాకు నయమనిపించింది.

మార్చే ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయండి. షాఫ్టుకు గ్రీజు రాసి, నట్టు బిగించాక కొత్త స్ప్లిట్ పిన్నే వేయండి; ఒకసారి వంచిన పిన్ను మళ్ళీ వంచితే విరిగి, నట్టూ ప్రొపెల్లరూ రెండూ నీటిపాలవుతాయి.