మూతపడిన బడికి పూర్వ విద్యార్థుల సంఘం ఎందుకంటే

నమస్తే అండి. రెండు నెలల క్రితం ఒక అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మా హైస్కూల్లోనే చదివింది, నాకంటే చాలా చిన్నది. "అన్నయ్యా, మన బడి స్టడీ సర్టిఫికెట్ ఎవరిని అడగాలి?" అంది. ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ దగ్గర పడింది. స్థానికత, అంటే లోకల్ అభ్యర్థి అని నిరూపించుకోవడం కోసం నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివిందో చూపించాలి. ఆరు నుంచి పది వరకు చదివిన బడికేమో తాళం. హెచ్‌ఎం లేరు, గుమాస్తా లేరు, సంతకం పెట్టి ముద్ర వేసే మనిషే లేడు.

నాలుగు రోజులు తిరిగాం. రికార్డులన్నీ పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో, సామాన్ల గదిలో ఒక బీరువాలో ఉన్నాయని తేలింది. అక్కడి హెచ్‌ఎం గారు ఓపిగ్గా అడ్మిషన్ రిజిస్టరు వెతికించి కాగితం ఇచ్చారు. పని అయిపోయింది. కానీ ఆ నాలుగు రోజులు ఆ పిల్ల పడిన టెన్షన్ చూశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మా బడికి పూర్వ విద్యార్థుల సంఘం పెట్టాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఇలాంటి బడిలో చదివినవాళ్లు మీలో చాలామంది ఉంటారు కాబట్టి ఈ వీడియో.

మాది ఎయిడెడ్ హైస్కూలు. ఆంధ్రాలో ఈ మాట వినని ఊరు ఉండదు. స్థలం, భవనం ఎవరో దాతలవో, మిషన్‌దో, ఒక ట్రస్టుదో. టీచర్ల జీతాలు ప్రభుత్వానివి. మా అమ్మ చదువుకునే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లకి అదొక్కటే హైస్కూలు. తర్వాత రిటైరైన మాస్టార్ల చోట కొత్తవాళ్లు రాలేదు. లెక్కలు చెప్పేవాళ్లు లేకపోతే ఏ తండ్రి పిల్లల్ని పంపుతాడు? ఏటేటా పిల్లలు తగ్గారు. 2021లో ఎయిడెడ్ టీచర్లను ప్రభుత్వ బడుల్లోకి తీసుకునే నిర్ణయం వచ్చాక, కొన్ని యాజమాన్యాలు బడిని ప్రైవేటుగా నడుపుకున్నాయి, కొన్ని తాళం వేశాయి. కొన్ని ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు కూడా. మా ఊళ్లో ఆ చప్పుడు లేదు. అప్పటికే మిగిలిన పిల్లలు తక్కువ.

నడుస్తున్న బడికి సంఘం పెట్టడం వేరు. బెంచీలు కొనివ్వొచ్చు, నీళ్ల ట్యాంకు కట్టించొచ్చు, ఆగస్టు 15కి వెళ్లి జెండా దగ్గర నిలబడొచ్చు. మూతపడిన బడికి ఇవేవీ లేవు. "బడే లేదు, ఇంకా సంఘం దేనికిరా?" అని మా బ్యాచ్ వాడే ఒకడు అడిగాడు. నా జవాబు ఒకటే: బడి లేదు కాబట్టే. ఇప్పుడు ఆ బడి గురించి అడగాలంటే ఒక చిరునామా కావాలి. ఆ చిరునామా మనమే కావాలి.

అందుకే ఆత్మీయ సమ్మేళనం, శాలువాలు, భోజనాలు తర్వాత. మొదటి పని రికార్డుల జాడ కనుక్కోవడం. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, మార్కుల రిజిస్టర్లు ఎక్కడున్నాయి? ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి, పిల్లల్ని కలిపిన బడిలో అడగండి. నోటి మాటతో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. మన రికార్డు ఫలానా చోట ఉందని రాతపూర్వకంగా ఉంటే, రేపు ఎవరో పిల్లకో పిల్లాడికో నాలుగు రోజులు మిగులుతాయి. తెలంగాణలో చదివినవాళ్లకీ ఇది అవసరమే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత అక్కడ స్థానికతకు ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటే లెక్క. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ రిజిస్టర్లో పుట్టిన తేదీలు, కులాలు ఉంటాయి. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇక సభ్యులు ఎవరు? ఇక్కడ కాసేపు ఆగాలి. మన గ్రూపులన్నీ టెన్త్ బ్యాచ్ పేరుతోనే కదా ఉంటాయి. మరి టెన్త్ పూర్తి చేయనివాళ్ల సంగతి? ఎనిమిదిలో మానేసి పత్తి చేలోకి వెళ్లినవాడు, తొమ్మిదిలో పెళ్లయిపోయిన పిల్ల, టెన్త్ తప్పి మళ్లీ రాయనివాడు, వీళ్లంతా మన పక్కన కూర్చున్నవాళ్లే. నాతో ఒకే బెంచీలో మూడేళ్లు కూర్చున్న స్నేహితుడు ఇప్పుడు ఆటో నడుపుతాడు. "నేను పాస్ కాలేదుగా, నన్నెందుకు పిలుస్తారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా బైలాలో, అంటే సంఘం నియమాల్లో, ఒక్క రోజు చదివినా సభ్యుడే అని రాసుకున్నాం. పదో తరగతి పాసైన జాబితా కాదు, అడ్మిషన్ రిజిస్టరే మాకు ప్రమాణం.

ఆడపిల్లల్ని వెతకడం ఇంకా కష్టం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఫోను చాలాసార్లు భర్త పేరు మీద ఉంది. మా బ్యాచ్ గ్రూపులో 31 మంది ఉంటే అందులో ఆడవాళ్లు నలుగురే. తరగతిలో సగం మంది వాళ్లే అయినా! గ్రూపుల్లో వెతికితే వాళ్లు దొరకరు. ఊళ్లో ఉన్న అమ్మల్ని అడగాలి. "పెద్దమ్మా, మీ రెండో అమ్మాయి ఇప్పుడెక్కడ ఉంది?" అని గడప దగ్గర నిలబడి అడిగితే చాలు, ముగ్గురి వివరాలు చెబుతారు.

రిజిస్ట్రేషన్ అనుకున్నంత కష్టం కాదు. 2001 సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. మెమొరాండం (సంఘం ఉద్దేశాలు రాసిన పత్రం), బైలా, ఒక చిరునామా రుజువు పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లాలి. బడి స్థలాన్ని చిరునామాగా రాయకండి, అది మనది కాదు. ఊళ్లో ఉండే సభ్యుడి ఇల్లు రాయండి. ఏటా జనరల్ బాడీ మీటింగ్ పెట్టి, కమిటీ జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. చాలా సంఘాలు ఈ పని దగ్గరే, రెండో ఏడాదిలోనే ఆగిపోతాయి.

డబ్బు దగ్గర ఒక్క విషయం తప్పకుండా తెలుసుకోండి. మన బ్యాచుల్లో అమెరికాలో ఉన్నవాళ్లు చాలామంది, ప్రేమగా పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా సంఘం ఖాతాలో తీసుకోకూడదు. తెలియక తీసుకుని ఇరుక్కోవద్దు. మేమైతే మొదటి ఏడాది సభ్యత్వం 100 రూపాయలతోనే నడపాలనుకున్నాం. ఆటో స్నేహితుడూ, డాలర్లు సంపాదించేవాడూ ఇద్దరూ అంతే ఇవ్వాలి.

వచ్చిన డబ్బుతో బడి పేరున ఆర్చి కట్టిద్దామని కొందరు అంటున్నారు. నాకు ఇష్టం లేదు. మా ఊరి పిల్లలు ఇప్పుడు పక్క ఊరి హైస్కూలుకు వెళ్తున్నారు కదా, అక్కడ చదివే పిల్లలకి మా బడి పేరుతో లెక్కల బహుమతి ఇద్దాం అంటున్నాను. ఇంకా తేలలేదు.

కానీ ఒక పని వాయిదా వేయడానికి లేదు. మా లెక్కల మాస్టారికి 84 ఏళ్లు. అయ్యవారి చూపు తగ్గింది కానీ, గొంతు వింటే చాలు, మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. వచ్చే ఆదివారం ఆరుగురం వాళ్లింటికి వెళ్తున్నాం. పాత గ్రూప్ ఫొటోలు పట్టుకెళ్లి, ఒక్కో వరుసా చెబుతూ, ఎవరెక్కడ నిలబడ్డారో ఆయన చేత చెప్పించి రికార్డు చేస్తాం. ఆటో తోలేది మా బెంచీ స్నేహితుడే.