కొత్త వీఆర్ హెడ్‌సెట్ కొనే ముందు పాతదాని మీద దుమ్ము చూడండి

[టేబుల్ మీద పాత హెడ్‌సెట్. వేలితో రాస్తే దుమ్ములో గీత పడుతుంది.]

ఈ గీత చూశారా? మూడు వారాల దుమ్ము ఇది. కళ్లకి కట్టుకుని గేమ్ లోపలే ఉన్నట్టు ఆడే ఈ వీఆర్ హెడ్‌సెట్ కొత్తది కొందామా వద్దా అని ఆ మూడు వారాలూ పొద్దుపోయేదాకా రివ్యూలు చూస్తూ కూర్చున్నాను. ఉన్నదాన్ని మాత్రం ఒక్కసారి కూడా తలకి పెట్టుకోలేదు.

అందుకే నాకు నేను వేసుకున్న ప్రశ్నే మీకూ వేస్తున్నాను. మీది మూలన పడి ఉంటే, ఎందుకు పడి ఉంది? తెర మీద బొమ్మ బాగోలేకా? ఆడటానికి ఏమీ లేకా? పెట్టుకుంటే తల తిరుగుతోందనా? మొదటిదాన్ని కొత్త హెడ్‌సెట్ తీర్చగలదు. రెండోదాన్ని కొంచెం, ఎందుకంటే కొన్ని కొత్త గేమ్‌లు కొత్త మోడళ్లకే వస్తున్నాయి. మూడోదాని మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. కళ్లేమో పరిగెడుతున్నామంటాయి, లోపలి చెవేమో నిలబడే ఉన్నామంటుంది. ఆ తగాదాలోంచి పుట్టే వికారం అది. బొమ్మ తడబడకుండా వస్తే కొంత నయం. అంతేగానీ, చేతిలోని కంట్రోలర్ స్టిక్ తోసి పరిగెత్తే గేమ్‌లో కడుపులో తిప్పేవాళ్లకి ఎంత ఖరీదైనది కొన్నా తిప్పే అవకాశమే ఎక్కువ.

ఇక బొమ్మ సంగతి. నాది మెటా (అప్పటి ఫేస్‌బుక్) 2020లో తెచ్చిన క్వెస్ట్ 2. 2023లో క్వెస్ట్ 3 వచ్చింది. ఒక్కో కంటికి 1832×1920 ఉన్న పిక్సెళ్లు, అంటే తెర మీది చుక్కలు, 2064×2208 అయ్యాయి. లెక్కేస్తే దాదాపు 30 శాతం ఎక్కువ. రివ్యూల్లో అందరూ ఊదరగొట్టేది ఈ అంకెనే. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు మాత్రం పిక్సెళ్లకంటే లెన్స్ దగ్గరే అసలు తేడా కనిపించింది.

[పాత లెన్స్ దగ్గరగా. వెలుతురు పడగానే రింగులు మెరుస్తాయి.]

ఈ గుండ్రటి గీతలు చూడండి, గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు. దీన్ని ఫ్రెనెల్ లెన్స్ అంటారు. లావుపాటి అద్దాన్ని రింగులుగా కోసి పల్చగా పరిచినట్టు ఉంటుంది. 200 ఏళ్ల కిందట లైట్‌హౌస్ దీపాల కోసం కనిపెట్టిన ఉపాయం. తేలిక, చవక. కానీ ఆ గీతల అంచులకి తగిలి వెలుగు చెదిరిపోతుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలొస్తే వాటి చుట్టూ చారలు సాగుతాయే, అవి ఇక్కడివే. పైగా నడిమధ్యలో తప్ప మిగతాదంతా అలుక్కుపోయినట్టు ఉంటుంది. మెనూలో పక్కనున్న మాట చదవాలంటే కళ్లు తిప్పితే చాలదు, తలంతా తిప్పాలి. ముక్కుతో చదువుతున్నట్టే.

క్వెస్ట్ 3లో ఉన్నది పాన్‌కేక్ లెన్స్. అందులో వెలుగు ముందుకీ వెనక్కీ తిరిగి, దారి మడతపడి కంటికి చేరుతుంది. కాబట్టి తెరకీ లెన్స్‌కీ మధ్య అంత ఖాళీ అక్కర్లేదు, పెట్టె పల్చబడింది. అక్షరాలు అంచుల దాకా చక్కగా నిలబడతాయి. ఆ మడతల్లో వెలుగు చాలావరకు పోతుంది, అందుకని వెనకున్న తెర మరింత గట్టిగా వెలగాలి. తమాషా ఏంటంటే బరువు తగ్గలేదు. 503 గ్రాములు కాస్తా 515 అయింది. అయినా ముఖానికి దగ్గరగా ఉండటంతో ముందుకి లాగినట్టు తక్కువ అనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది. 2024లో క్వెస్ట్ 3ఎస్ వచ్చింది. విడుదలప్పుడు క్వెస్ట్ 3 ధర 499 డాలర్లు, 3ఎస్ 299. చిప్ రెండింట్లోనూ ఒకటే. కానీ 3ఎస్‌లో లెన్స్ ఫ్రెనెలే, పిక్సెళ్లు కూడా క్వెస్ట్ 2లో ఉన్నన్నే. మొదటిసారి కొనేవాళ్లకి అది మంచి బేరం, నేనూ అదే చెప్తాను. క్వెస్ట్ 2 ఉన్నవాళ్లు స్పష్టత కోసం 3ఎస్ కొంటే మాత్రం మళ్లీ అదే చారలు.

[అద్దం ముందు, కంటి కింద స్కేలు పట్టుకుని.]

డబ్బు ఖర్చు లేని పని ఒకటి. రెండు కనుపాపల మధ్య దూరం కొలుచుకోండి. క్వెస్ట్ 2లో లెన్స్‌లు మూడే మూడు చోట్ల ఆగుతాయి: 58, 63, 68 మిల్లీమీటర్లు. 3ఎస్‌లోనూ అంతే. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి మధ్యలో ఎక్కడైనా ఆపుకోవచ్చు. నా దూరం 64. ఇన్నేళ్లూ నాది 68 దగ్గర ఉంది! ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో. 63కి జరపగానే సగం మసక పోయింది. సిగ్గేసింది.

హెడ్‌సెట్‌ని వైఫైతో పీసీకి కలిపి ఆడేవాళ్ల లెక్క వేరు. పిక్సెళ్లు పెరిగితే ఆ భారం గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. బొమ్మ ఆగి ఆగి వస్తోందంటే ముందు రౌటర్ చూడండి. పీసీని రౌటర్‌కి కేబుల్‌తో కలిపి, ఆ రౌటర్‌ని ఆడే గదిలోనే పెట్టి, వైఫైని 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టి చూశాక అప్పుడు హెడ్‌సెట్‌ని తిట్టొచ్చు.

ఇష్టం లేకపోయినా మార్చాల్సిన సందర్భం ఇంకోటుంది. విండోస్ పీసీకి కలిపి వాడే విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ హెడ్‌సెట్లు కొన్నవాళ్లని అడగండి. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఆ సపోర్టే తీసేసింది. పరికరం నిక్షేపంగా ఉంది, నడిపించే సాఫ్ట్‌వేరే మైక్రోసాఫ్ట్ నుంచి లేదు. ప్లేస్టేషన్‌లోనూ మొదటి వీఆర్ కోసం కొన్న గేమ్‌లు 2023లో వచ్చిన వీఆర్2లో నేరుగా నడవవు, ఆ గేమ్ చేసినవాళ్లు కొత్తగా తెస్తే తప్ప. కాబట్టి కంపెనీ మారేముందు మీ గేమ్‌ల లిస్టు ఒకసారి తీయండి. హెడ్‌సెట్ ధర కంటే ఆ గేమ్‌లకి పెట్టిన డబ్బే ఎక్కువ కావచ్చు.

ఇక క్వెస్ట్ 3లో హెడ్‌సెట్ తీయకుండానే రంగుల్లో గది కనిపించడం, గోడలోంచి బొమ్మలు దూకడం... వారం రోజులు సరదా. ఆ తర్వాత అది ఎక్కువగా పనికొచ్చేది మంచినీళ్ల సీసా వెతుక్కోవడానికే.

నేనైతే కొనలేదు. దుమ్ము తుడిచి, ముఖానికి తగిలే ఫోమ్ మార్చి, రెండు వారాలు అది పెట్టుకున్న రోజల్లా క్యాలెండర్‌లో టిక్కు పెట్టాను. నాలుగే పడ్డాయి.

మా తమ్ముడు మాత్రం రోజూ గంటసేపు అందులోనే వ్యాయామం చేస్తాడు. వాడు క్వెస్ట్ 3 తీసుకున్నాడు. మొదటి రోజే ఫోన్ చేసి, ఆయాసపడుతూనే అన్నాడు: "అన్నా, తల తిప్పకుండానే స్కోరు కనిపిస్తోంది!"