పాకం పట్టకుండా మిఠాయి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో షుగర్ ఉన్నవాళ్లు కొందరు ఉంటారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు వండిపెట్టేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల మంది అని 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. ఇంకా మధుమేహం రాలేదు గానీ ఆ గీత దగ్గర నిలబడ్డవాళ్లు మరో 13 కోట్లకు పైనే. పండగరోజు స్వీట్ ప్లేటు ముందుకొస్తే, చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకునే మనిషి ప్రతి ఇంట్లో ఒకరున్నారు. ఆ మనిషి కోసమే నేను చక్కెర లేకుండా, పప్పులూ కోకో కొవ్వూ కలిపి ఈ మిఠాయిలు చేస్తాను. ఈరోజు మాట్లాడేదీ దాని గురించే.

చక్కెర లేకుండా స్వీట్ చేద్దామనుకున్నప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. పాత వంటకమే తీసుకుని, చక్కెర బదులు ఏదో ఒక పొడి వేస్తారు. పల్లీ పట్టీ అలా చేస్తే పట్టీ అవ్వదు, విడిపోతుంది. ఎందుకంటే మన మిఠాయిల్లో చక్కెర చేసేది తీపి పని ఒక్కటే కాదు. తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మన పెద్దవాళ్లు వేళ్ల మధ్య పట్టి చూసేవారు కదా, ఆ పాకమే పప్పుల్ని పట్టి ఉంచుతుంది, కరకరలాడిస్తుంది, చెడిపోకుండా కాపాడుతుంది. చక్కెర తీసేశాక ఆ పట్టి ఉంచే పని ఎవరికి అప్పగించాలన్నది అసలు ప్రశ్న. తీపి సంగతి తర్వాత.

సున్నుండలో బెల్లమో చక్కెరో పడుతుంది గానీ, ఉండ కట్టేది నెయ్యి. అక్కడ పాకం లేదు. అంటే కొవ్వుతో మిఠాయిని నిలబెట్టడం మనకు కొత్త విద్య కాదు. కానీ నెయ్యి మెత్తగా ఉంటుంది, ముక్క విరగదు. కోకో గింజల నుంచి తీసే కొవ్వు, కోకో బటర్, అలా కాదు, గట్టిగా గడ్డకడుతుంది, టక్కున విరుగుతుంది, నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. కారణం దాని కరిగే వేడి. దాదాపు 34 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది, మన ఒంటి వేడి 37. గది చల్లగా ఉంటే రాయిలా ఉండి, నాలుక మీద నీరైపోయే కొవ్వు వంటింట్లో ఇంకొకటి నాకు కనిపించలేదు. పైగా అందులో పిండిపదార్థం సున్నా.

ఇదేదో విదేశీ సరుకు అనుకోకండి. చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికానే గానీ, ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో నీడన కోకో పెంచుతారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాయ కోసి, గింజల్ని కొన్ని రోజులు పులియబెట్టి, ఎండబెడతారు. ఆ పులియబెట్టడంలోనే చాక్లెట్ రుచికి పునాది పడుతుంది. వేయించిన గింజను నూరి ఒత్తితే కారే కొవ్వు కోకో బటర్, మిగిలిన పిండి కోకో పౌడర్.

కొనేటప్పుడు జాగ్రత్త. సబ్బులు, క్రీముల కోసం అమ్మే కోకో బటర్ కూడా ఉంది, అది వంటకు పనికిరాదు. ప్యాకెట్ మీద తినడానికి తగినదని స్పష్టంగా రాసి ఉండాలి. బేకరీ సామాన్ల షాపుల్లో దొరికే కాంపౌండ్ చాక్లెట్ దిమ్మలు వేరే సంగతి. వాటిలో కోకో బటర్ బదులు వేరే నూనెల కొవ్వు ఉంటుంది, చక్కెర నిండుగా ఉంటుంది. ‘షుగర్ ఫ్రీ’ అని రాసిన చాక్లెట్ల వెనక లేబుల్ కూడా చదవండి. చాలావాటిలో చక్కెర బదులు వాడే మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. చక్కెరంత కాకపోయినా అది కూడా గ్లూకోజును పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది. ఇక బెల్లం, తేనె, ఖర్జూరం వేసి ‘చక్కెర లేదు’ అని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. బెల్లంలో ఉన్నది ఎక్కువగా చక్కెరే. ఖర్జూరంలో సగానికి మించి చక్కెర.

ఇప్పుడు చేసే పద్ధతి. 100 గ్రాముల కోకో బటర్, 40 గ్రాముల తీపి కలపని కోకో పౌడర్, 150 గ్రాముల వేయించిన బాదం, చక్కెర బదులు వాడే ఎరిథ్రిటాల్ అనే తీపి పొడి 40 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి. సుమారు 30 ముక్కలు వస్తాయి.

ముందు బాదం. నానబెట్టినవి వద్దు, పొడివే కావాలి. సన్నని సెగ మీద, ఓపికగా, లోపలి దాకా రంగు మారేవరకు వేయించండి. ఈ మిఠాయికి రుచి తెచ్చేది ఇదే, ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత తీపి కలిపినా లాభం ఉండదు. పూర్తిగా చల్లారాక కచ్చాపచ్చాగా దంచండి.

ఎరిథ్రిటాల్ కొవ్వులో కరగదు. అందుకే పలుకులుగా వేస్తే నోట్లో ఇసుకలా తగులుతుంది. మిక్సీలో మెత్తటి పొడి చేసి జల్లించాలి. చక్కెరతో పోలిస్తే దాని తీపి 70 శాతమే, తిన్నాక నోరు చల్లబడినట్టు అనిపిస్తుంది. ఆ చల్లదనం నచ్చనివాళ్లు పొడి తగ్గించి, చిటికెడు స్టీవియా కలుపుకోవచ్చు. మరీ ఎక్కువైతే చేదు.

ఒక గిన్నెలో నీళ్లు వేడిచేసి, మరిగాక మంట తగ్గించి, పైన ఇంకో గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. కోకో బటర్‌ను తురిమి మూడింట రెండు వంతులు అందులో కరిగించండి. గిన్నె, గరిటె, చెయ్యి, అన్నీ పొడిగా ఉండాలి. కోకో పౌడర్ కలిశాక నాలుగు చుక్కల నీళ్లు పడినా, మూత నుంచి ఆవిరి కారినా, మొత్తం ముద్దకట్టి గరుకుగా అయిపోతుంది. అందుకే వెనీలా నీళ్లు, రోజ్ వాటర్ లాంటివి ఇందులో వద్దు.

కోకో పౌడర్, తీపి పొడి, ఉప్పు, యాలకులు జల్లించి కలిపాక స్టవ్ మీంచి దించండి. మిగిలిన మూడో వంతు తురుము ఇప్పుడు వేసి, కరిగేదాకా తిప్పుతూ ఉండండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, దయచేసి వదలకండి. కోకో బటర్ ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకట్టగలదు. విరిగే గుణం, మెరుపు ఉండేది వాటిలో ఒక రకానికే. కరగకుండా మిగిలిన తురుములో ఆ స్ఫటికాలు ఉంటాయి, వాటిని చూసి మిగతాదీ అదే పద్ధతిలో గడ్డకడుతుంది. థర్మామీటర్ ఉంటే 31, 32 డిగ్రీల దగ్గర ఆగండి. లేకపోతే ఒక చుక్క కింది పెదవికి తాకించి చూడండి, కాస్త చల్లగా అనిపించాలి. అప్పుడు బాదం కలిపి అచ్చుల్లో పోసి, ఫ్రిజ్‌లో అరగంట. మన హైదరాబాదు బాదం కీ జాలీకి వాడే అచ్చులున్నవాళ్లు వాటినే వాడండి, బాదం స్వీట్‌కు ఆ రూపం ఇవ్వడం నాకు చాలా ఇష్టం.

ఉప్పు ఎందుకని అడుగుతారు. ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది. తీపి పొడి పెంచేకంటే ముందు ఉప్పు సరిచూసుకోండి.

బేగంబజార్‌లో డ్రైఫ్రూట్స్ కొనేటప్పుడు మనం ధర చూస్తాం, ఇప్పుడు కార్బ్స్ కూడా చూడాలి. పీచు తీసేసి లెక్కిస్తే 100 గ్రాముల బాదంలో పిండిపదార్థం సుమారు 9 గ్రాములు, అక్రోట్‌లో 7, పల్లీల్లో 7 నుంచి 8. పిస్తాలో 17 దాకా ఉంటుంది. జీడిపప్పులో 27. అంటే జీడిపప్పులో బాదం కంటే మూడింతలన్నమాట. పల్లీలు చవక, వేయిస్తే రుచిలో ఎవరికీ తీసిపోవు, ఖర్చుకు భయపడేవాళ్లు మొదట వాటితోనే చేయండి. అక్రోట్ తొందరగా కనరెక్కుతుంది, కొనే ముందు ఒకటి నమిలి చూడండి.

పైన చెప్పిన కొలతతో ఒక్కో ముక్కలో పిండిపదార్థం గ్రాము కంటే తక్కువ. కానీ కేలరీలు 60కి పైనే. చక్కెర లేదు కదా అని గుప్పెడు తినేస్తే బరువు పెరగక మానదు. కోకో బటర్‌లో దాదాపు 60 శాతం సంతృప్త కొవ్వు. అందులో పెద్ద వాటా స్టియరిక్ ఆమ్లానిది, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు. కానీ పామిటిక్ ఆమ్లం కూడా ఉంది, అది పెంచుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి తినండి. 2023లోనే రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని ఒక అధ్యయనం వచ్చింది. ఎరిథ్రిటాలే కారణమని అది రుజువు చేయలేదు, అయినా నేను రోజూ తినమని ఎవరికీ చెప్పను. ప్రతి నెలా తీపి పొడి కాస్త తగ్గిస్తూ రండి. నాలుక అలవాటు పడుతుంది. ఆఖరికి వేయించిన బాదం తీపే చాలనిపిస్తుంది, నేను కోరుకునేది అదే.

మన ఎండల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లోనే 35 దాటితే ఎంత బాగా గడ్డకట్టించినా కరగక తప్పదు. గాలి దూరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. డబ్బా మూత సరిగా లేకపోతే సాంబారు వాసన, ఉల్లిపాయ వాసన పట్టేస్తుంది. కొవ్వు వాసనను ఇట్టే పీలుస్తుంది. వానాకాలంలో బయటికి తీయగానే మూత తీయకండి, తేమ పట్టి పైన తెల్లగా అవుతుంది.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఒక మాట. షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికినప్పుడు ఈ మిఠాయి పనికిరాదు. అప్పుడు గ్లూకోజు గానీ, చక్కెర నీళ్లు గానీ వెంటనే తాగాలి. స్వీట్ డబ్బా పక్కనే గ్లూకోజు పొట్లం కూడా పెట్టుకోండి, ఏది దేనికో ఇంట్లో అందరికీ చెప్పండి. కుక్కల్ని పెంచేవాళ్లు జైలిటాల్ ఉన్న తీపి పొడిని ఇంట్లోకి తేవద్దు, కొద్దిగా తిన్నా వాటి ప్రాణానికి ప్రమాదం. ఐదేళ్లలోపు పిల్లలకు పప్పు ముక్కలు గొంతులో అడ్డుపడతాయి, వాళ్లకు పెట్టేటప్పుడు పొడిచేసి కలపండి.

ఇప్పుడు ప్లేట్లు తిప్పుతున్నాం. ఎడమ వైపు బాదంవి, కుడి వైపు పల్లీలవి. పప్పులు పడనివాళ్లు దయచేసి ముట్టుకోకండి. మిగతావాళ్లు ఒక్కొక్కటే తీసుకోండి, ప్రశ్నలు ఒక్కొక్కరుగా అడగండి.