రైలు ఆగినన్నాళ్లే ఊరు

అందరికీ నమస్కారం. బొగ్గు ఊళ్ల గురించి మాట్లాడమన్నారు. అన్నీ చుట్టి రావాలంటే సమయం చాలదు, ఒక్క ఊరి దగ్గరే ఆగుతాను. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, న్యూ రివర్ లోయ అడుగున థర్మండ్ అనే ఊరు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది ఐదుగురు. మీరు సరిగ్గానే విన్నారు, ఐదుగురే.

ఆ ఊరికి వీధి లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క నది, నడుమ ఉన్న కాస్త చదును నేలనీ పట్టాలే ఆక్రమించుకున్నాయి. బ్యాంకూ దుకాణాలూ అన్నీ పట్టాల వైపే తిరిగి నిలబడ్డాయి. గడప దిగితే ఎదురుగా రైలే.

కెప్టెన్ డబ్ల్యూ. డి. థర్మండ్ అనే ఆయనకు 1873లో ఒక సర్వే పనికి ప్రతిఫలంగా 73 ఎకరాలు ముట్టాయి. అదే ఏడాది చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే లైను ఆ లోయ గుండా పూర్తయింది. ఆ కొండల్లోది పొగ తక్కువ, వేడి ఎక్కువ ఇచ్చే మేలు రకం బొగ్గు. తీసుకెళ్లే దారి లేనన్నాళ్లూ అది కొండ కడుపులోనే ఉంది. 1900లో థర్మండ్‌కు పట్టణ హోదా వచ్చింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు చూడాలి! రోజుకు పదిహేను ప్యాసింజర్ రైళ్లు, ఏడాదికి 95,000 మంది దాకా ప్రయాణికులు. మొత్తం ఆ రైల్వేలో ఎక్కువ ఆదాయం తెచ్చిపెట్టింది ఈ చిన్న ఊరే.

కెప్టెన్ గారు నిష్ఠగల బాప్టిస్టు, తన నేల మీద మద్యం పనికిరాదన్నాడు. నదికి అవతల నేల ఆయనది కాదు కదా! అక్కడ 1901లో డన్‌గ్లెన్ అనే పెద్ద హోటల్ లేచింది. అందులో ఒక పేకాట పద్నాలుగేళ్లు ఆగకుండా సాగిందంటారు. నేనైతే పూర్తిగా నమ్మను గానీ, ఆ ఊరి గురించి చెబుతూ ఆ మాట వదిలేయడమూ కష్టమే.

ఇంతకీ అంత సందడి ఎందుకు? బొగ్గు వల్ల అని అందరూ అంటారు. నా లెక్కలో అది సగమే. ఆవిరి ఇంజనుకు దాహం ఎక్కువ. కొంత దూరం వెళ్లేసరికి నీళ్లు కావాలి, బొగ్గు కావాలి, పొయ్యిలో బూడిద తోడాలి, కీళ్లకు నూనె పెట్టాలి. చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే వ్యాగన్లను అక్కడే కూర్చి పొడుగాటి గూడ్సులు కట్టాలి. అంటే రైలు ఆగక తప్పదు. ఆగిన ప్రతి రైలుకూ మనుషులు కావాలి, ఆ మనుషులకు భోజనం, పడక, దుకాణం కావాలి. ఊరు బతికింది ఆ ఆగడం మీదే.

దెబ్బలు ఒక్కసారిగా పడలేదు. 1921 దాకా ఊరికి రైలు తప్ప దారి లేదు. మోటారు దారి వచ్చింది, జనానికి బయటి ఊళ్లు దగ్గరయ్యాయి. 1922లో అగ్నిప్రమాదం, 1930లో డన్‌గ్లెన్ బూడిద, అప్పటికే మొదలైన ఆర్థిక మాంద్యం, బ్యాంకు మూత. అయినా రైలు ఆగుతూనే ఉంది కాబట్టి ఊరు ఎలాగో నిలబడింది. 1940ల నుంచి డీజిల్ ఇంజన్లు రావడం మొదలైంది. వాటికి దారి పొడుగునా బాయిలరు నింపక్కర్లేదు, బూడిద తోడక్కర్లేదు. చుట్టుపక్కల గనులూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిత్రమేమంటే, ఆ లైను మీద గూడ్సులు ఇప్పటికీ నడుస్తున్నాయి. దూరపు గనుల బొగ్గు ఊరి నడిమధ్య నుంచే వెళుతుంది, ఆగదు. ఇంజన్లకు బొగ్గు నింపడానికి 1922లో కట్టిన కాంక్రీటు టవరు పట్టాల పక్కనే ఉంది, దాని కింద నిలబడే ఇంజను లేదు.

ఆ లోయ 1978లో జాతీయ ఉద్యానవన శాఖ చేతికి వచ్చింది. పాత స్టేషన్‌ను బాగుచేసి 1995లో సందర్శకుల కేంద్రంగా తెరిచారు. నది మీద పడవల్లో వెళ్లడానికి వచ్చేవాళ్లు వేసవిలో అక్కడికి వస్తుంటారు. వారానికి మూడు రోజులు కార్డినల్ అనే ప్యాసింజర్ రైలు ఆ దారిన పోతుంది. థర్మండ్‌లో ఎక్కేవాళ్లో దిగేవాళ్లో ఉంటేనే ఆపుతారు.