బావిలో నీళ్లు క్రౌడెడ్‌గా ఉండవు

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ అందరి దగ్గరా సిననిమ్స్ జాబితా ఒకటి ఉండే ఉంటుంది. ఒక పక్క ఫుల్, దానికి ఎదురుగా క్రౌడెడ్, ప్యాక్డ్, క్రామ్డ్, బ్రిమింగ్, లేడెన్, టీమింగ్. అన్నీ ఒకటే అనుకుని బట్టీ పడతారు. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఓసారి, వాళ్ల ఊరి బావి నీళ్లతో క్రౌడెడ్‌గా ఉందని ఇంగ్లీషులో రాశాడు. నాకు బాధేసింది. తప్పు ఆ అబ్బాయిది కాదు, జాబితాది.

తెలుగులో మనకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. బస్సు కిక్కిరిసిపోతుంది. సంత కిటకిటలాడుతుంది. సంచిలో బట్టలు కుక్కుతాం. చెరువు కిటకిటలాడుతోందని పసిపిల్లలు కూడా అనరు. దేనితో నిండింది, ఎలా నిండింది అన్నది మాటలోనే ఉంది. ఇంగ్లీషులోనూ అంతే.

క్రౌడెడ్‌లో జనం, ఇరుకు కనిపిస్తాయి. ప్యాక్డ్ అంటే సందు లేకుండా సర్దినట్టు. జామ్‌ప్యాక్డ్ అంటే కదలడానికి కూడా వీల్లేనంత. క్రామ్డ్‌లో బలవంతం ఉంది. పట్టని సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతాం చూడండి, అది. పరీక్షకు ముందు రాత్రి చదివే చదువును క్రామింగ్ అనేది అందుకే. ఇక బ్రిమ్ అంటే పాత్ర అంచు. అంచు దాకా వచ్చి, ఇంకొక్క చుక్క పడితే ఒలికిపోతుందనిపిస్తే అది బ్రిమింగ్. ఆ అబ్బాయి బావికి కావలసిన మాట ఇదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చాక్-ఎ-బ్లాక్. ఇది తెరచాప ఓడల వాళ్ల మాట. ఓడ మీద బరువులు ఎత్తడానికి రెండు కప్పీల మధ్య తాడు వేసి లాగేవాళ్లు. ఆ కప్పీకి అక్కడ బ్లాక్ అని పేరు. తాడు లాగేకొద్దీ కప్పీలు దగ్గరకొస్తాయి. చివరికి రెండూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇక ఎంత బలమున్నా తాడు కదలదు. అదీ చాక్-ఎ-బ్లాక్. సాయంత్రం అమీర్‌పేటలో బండికి బండి ఆనుకుని ఆగిపోయినప్పుడు ఈ కప్పీలను తలచుకోండి, మాట ఇక మరిచిపోరు. చాక్‌ఫుల్ అని ఇంకోటి ఉంది. అది దీనికంటే చాలా పాతది, మధ్యయుగాల ఇంగ్లీషులోనే కనిపిస్తుంది.

ఫ్రాట్ కూడా ఓడరేవు నుంచే వచ్చింది. సరుకు అనే అర్థంలో మనం ఫ్రైట్ అంటామే, దానికి తోడబుట్టిన మాట. ఒకప్పుడు సరుకు నింపిన ఓడను ఫ్రాట్ అనేవాళ్లు. కాలం గడిచేసరికి సరుకు పోయి ప్రమాదం, టెన్షన్ మాత్రం మిగిలాయి. అందుకని సంతోషంతో ఫ్రాట్ అని రాయకండి, చదివేవాళ్లు కంగారు పడతారు. లేడెన్‌లో బరువు ఉంది. కాయలు విరగకాసి కొమ్మ వంగితే ఆ కొమ్మ లేడెన్.

అన్నట్టు, ఫుల్ మనకు పరాయి మాటేమీ కాదు. సంస్కృతంలో పూర్ణ, లాటిన్‌లో ప్లేనుస్, ఇంగ్లీషులో ఫుల్, మూడిటికీ మూలం ఒకటే. పకారం ఇంగ్లీషు వైపు ఫకారమైంది. పితృ, ఫాదర్ చూడండి. పాద, ఫుట్ చూడండి. జర్మన్ భాషా పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో ఇలాంటి మార్పులను ఒక సూత్రంగా పెట్టాడు. అంటే పండగనాడు మనం బూరెలో పెట్టే పూర్ణమూ, సినిమాహాలు ముందు వేలాడే హౌస్‌ఫుల్ బోర్డులోని ఫుల్లూ దూరపు చుట్టాలు. ఇది మొదటిసారి తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

శాడ్ అనే మాట కూడా మొదట నిండుతనమే. పాత ఇంగ్లీషులో దానికి కడుపు నిండినవాడు అని అర్థం. జర్మన్‌లో దాని చుట్టం జట్ ఇప్పటికీ ఆ అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం నిండుతనం బరువైంది, బరువు దిగులైంది.

చివరిగా టీమింగ్. దీని మూలానికి అర్థం బిడ్డను కనడం. మనం నిండు చూలాలు అంటాం కదా, ఆ నిండుతనం ఇందులో ఉంది. అందుకే చేపలతో చెరువు టీమింగ్, పురుగులతో అడవి టీమింగ్. ప్రాణం ఉండాలి, కదలాలి. కానీ కుండపోత వానను కూడా ఇంగ్లీషువాళ్లు టీమింగ్ అంటారు. అది వేరే మాట. ఉత్తరాది సముద్రాల మీదుగా వచ్చిన నార్స్ వాళ్లది, అంటే పాతకాలపు స్కాండినేవియా వాళ్లది. దాని అసలు అర్థం ఖాళీ చేయడం. నిండుగా ఉండటానికీ ఖాళీ చేయడానికీ పైకి ఒకే రూపం!

మనకు ఇది వింతగా అనిపించకూడదు. డబ్బాలో బియ్యం అయిపోతే మా అమ్మ ఏనాడూ 'లేవు' అనలేదు. ఇంట్లో ఆ మాట పలకడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. చేతిలో ఖాళీ డబ్బాతో వీధి గుమ్మం దాకా వచ్చి, 'ఒరేయ్, బియ్యం నిండుకున్నాయిరా' అనేది.