రొయ్య చేప కాదు, మీరు తీసేది నరమూ కాదు

మొన్న ఒక పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దాయన "నేను చేపలు తప్ప వేరే నాన్‌వెజ్ ముట్టను బాబూ" అంటూనే రొయ్యల వేపుడు రెండోసారి వేయించుకున్నారు. పెద్దాయన కదా, నేనేమీ అనలేదు. ఇంటికొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

వెన్నెముక లేనివన్నీ అకశేరుకాలు అని బడిలోనే చదివేశాం కాబట్టి అక్కడికి వెళ్లను. నాకు చిరాకు తెప్పించేది ఆ పేరే. "మా ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు" అంటే మా ఊరి గురించి మీకేం తెలిసింది? వెన్నెముక లేదన్న ఒక్క ముక్క పట్టుకుని నత్తనీ, జలగనీ, తేలునీ, రొయ్యనీ ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టేశాం. వాటికి ఏం లేదో వదిలేసి ఏముందో చూద్దాం.

[పళ్లెంలో ఒలవని రొయ్య, దగ్గర నుంచి]

ఇది వనామీ. దీని పుట్టిల్లు అటు అమెరికా ఖండాల పసిఫిక్ తీరం, మన దేశంలో సాగుకి అనుమతి వచ్చింది 2009లో, ఇప్పుడు భీమవరం వైపు ఎవరినడిగినా దీని జాతకం చెప్తారు. ముందు తల తీసేస్తాం కదా, అది ఉత్త తల కాదు, తలా ఛాతీ కలిసిపోయిన భాగం. గుండె అందులోనే, పొట్ట అందులోనే, కాలేయం లాంటి గ్రంథి కూడా అందులోనే. దాని కింద నడిచే కాళ్లు ఐదు జతలు, అంటే పది, పీతకి కూడా అంతే. వెనక తోక భాగం కింద ఈదడానికి వేరే ఐదు జతలు. మనం తినేది ఆ తోక కండ మాత్రమే.

ఇప్పుడు వీపు చీల్చి నల్లటి దారం లాగుతాం. మా ఇంట్లో దాన్ని నరం అంటారు, మీ ఇంట్లోనూ అనే ఉంటారు. అది పేగు అండీ! అసలు నరం కింద, పొట్ట వైపు ఉంటుంది, దాన్ని మనం చక్కగా కూరలో వేసుకుని తినేస్తాం. మనకేమో వెన్నుపాము వీపు వైపు, పేగులు ముందు వైపు. రొయ్యని వెల్లకిలా తిప్పి చూడండి, మన వరసలోకి వచ్చేస్తుంది. నవ్వకండి, 1822లో జెఫ్రాయ్ సెంటిలేర్ అనే ఫ్రెంచి ఆయన లాబ్‌స్టర్‌ని కోసి ఈ మాటే అన్నాడు, కువియే లాంటి అప్పటి జంతుశాస్త్ర ఉద్దండులు ఒప్పుకోలేదు. 1990ల్లో జన్యువులు చూస్తే, కప్ప పిండంలో పొట్ట వైపుని తయారుచేసే జన్యువూ, ఈగ పిండంలో వీపు వైపుని తయారుచేసే జన్యువూ ఒకే రకంవని తేలింది, అంటే ఆయన మాటలో పస ఉన్నట్టే. నాకైతే ఇది చదివిన రోజు నిద్ర పట్టలేదు.

ఇక పొట్టు. రొయ్యకి అస్థిపంజరం బయటే ఉంది, అదే ఈ పొట్టు. గట్టి డబ్బా కాబట్టి లోపల ఒళ్లు పెరిగితే డబ్బా పెరగదు, పాతది విడిచేసి కొత్తది తొడుక్కోవాలి. పాము కుబుసం లాగే అంటారు గానీ పాముకి లోపల ఎముకలు అలాగే ఉంటాయి, రొయ్య ఆ కాసేపూ మెత్తని ముద్దే, పక్క రొయ్యలే పీక్కుతింటాయి. పొట్టు, కీళ్లున్న కాళ్లు, పొట్ట వైపు నరం, ఈ మూడూ ఇంకెవరికి ఉన్నాయి? బొద్దింకకి. తేలుకి, సాలీడుకి, జెర్రికి కూడా. వీటన్నిటినీ కలిపి ఆర్థ్రోపోడా అంటారు, ఇప్పటిదాకా పేరు పెట్టినవే పది లక్షల జాతులు దాటాయి. చూడ్డానికి పీత తేలు చుట్టంలా ఉంటుంది గానీ, వంశవృక్షంలో పీతకీ రొయ్యకీ తేలు కంటే బొద్దింకే దగ్గర.

ఇదేదో పరీక్ష ప్రశ్న అనుకోకండి. రొయ్యలు పడనివాళ్లలో చాలామందికి పడనిది వాటి కండలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్. అలాంటిదే బొద్దింకలోనూ, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్ అనే చిన్న పురుగులోనూ ఉంటుంది, అందుకే కొందరికి ఇవన్నీ కలిపి పడవు. చేపల ఎలర్జీకి ఎక్కువగా కారణం వేరే ప్రోటీన్. కాబట్టి ఒకటి పడకపోతే రెండోదీ పడదని మీకు మీరే తేల్చుకోకుండా డాక్టర్‌ని అడగండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. వానపాముకి ఒళ్లంతా ఉంగరాలు కాబట్టి రొయ్యకి అదే దగ్గర చుట్టం అనుకునేవాళ్లు, 1997లో డీఎన్ఏ లెక్క తిరగేసింది. పొట్టు విడిచేవన్నీ ఒక ఇల్లట, అంటే పిల్లల కడుపులో ఉండే ఏలికపాము రొయ్య వైపు, వానపాము నత్త వైపు. నత్త గుల్ల విడవదు, అంచున కొత్త వరస కట్టుకుంటూ పెంచుకుంటుంది, ఆలుచిప్పా అంతే. ఆక్టోపస్ కూడా వీళ్ల మనిషే, గుల్ల వదిలేసుకుని మూడు గుండెలు పెట్టుకుంది. బద్దెపురుగుకి అసలు పేగే లేదు, మన పేగులో ఉంటూ ఒంటితోనే పీల్చుకుంటుంది. జెల్లీ ఫిష్‌కి మెదడూ లేదు, గుండే లేదు, తిండి వెళ్లేదీ వ్యర్థం వచ్చేదీ ఒకటే దారి, దాన్ని చేప అన్నవాళ్లకి దండం. స్పాంజికి ఆ నోరు కూడా లేదు, ఒళ్లంతా రంధ్రాలే.

స్టార్ ఫిష్, అదీ చేప కాదు, నీళ్ల గొట్టాలతో నడుస్తుంది. కానీ పిండంలో మొదట ఏర్పడే రంధ్రం దానికీ మనకీ మలద్వారం వైపే వస్తుంది. అంటే ఈ గోనెసంచిలోనే ఉన్నా, రొయ్య కంటే, ఆక్టోపస్ కంటే మనకి దగ్గర చుట్టం అదే. దీని మీద ఇంకో వీడియో చేయాలి, ఎందుకంటే ఈ రొయ్యలు ఫ్రిజ్‌లోంచి తీసి అప్పుడే అరగంట అయింది, పొయ్యి మీద నూనె కూడా కాగిపోయింది.