మాంద్యం వస్తే ఎంబీఏ సిలబస్ వెంటనే ఎందుకు మారదు? పలాస జీడిపిక్కల లెక్కలో చెప్తాను

నమస్కారం అండీ. ఎంబీఏ సీట్ల కోసం రాసే ఐసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న. "సార్, ఇప్పుడు మార్కెట్‌లో ఏది నడుస్తోంది? మన యూనివర్సిటీ వాళ్లు ఆ కోర్సు ఎందుకు పెట్టట్లేదు?"

అడగడంలో తప్పు లేదు. పిల్లల రెండేళ్ల జీవితం, ఇంట్లో కూడబెట్టిన డబ్బు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది చూశారూ, అదే నన్ను ఏళ్లుగా ఇబ్బంది పెడుతోంది. ఈ రోజు మార్కెట్‌లో ఏది నడుస్తుందో చూసి బిజినెస్ స్కూల్ రేపటికల్లా మారిపోవాలి, అలా మారితేనే అది మంచి స్కూల్ అన్న నమ్మకం. ఇది తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వీడియో.

ముందు పలాస వెళ్దాం.

[స్క్రీన్ మీద: ఆరబోసిన జీడిపిక్కలు, పక్కన బస్తాలు]

పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలు మనందరికీ తెలిసినవే. ఫ్యాక్టరీ యజమాని పిక్కలు ఎప్పుడు కొంటాడు? ఎండాకాలంలో, పంట చేతికొచ్చినప్పుడు. ఎనభై కిలోల బస్తా లెక్కన కొని గోడౌన్‌లో వేసుకుంటాడు. చాలకపోతే ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కలు కొంటాడు. మరి పప్పుకి గట్టి గిరాకీ ఎప్పుడు? దసరా, దీపావళికి. కొన్న రోజు ధర తెలుసు, అమ్మే రోజు ధర తెలియదు. ఆ మధ్య నెలలే అతని వ్యాపారం మొత్తం.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. పిక్కని ఆరబెడతారు, ఆవిరి మీద ఉడికిస్తారు, పెంకు కొడతారు, పప్పుని మళ్లీ వేడిలో ఆరబెట్టి పైపొర తీస్తారు. ఇంతవరకూ అన్ని పిక్కలకీ ఒకటే దారి. ఆ తర్వాతే గ్రేడింగ్. 180, 210, 240, 320 అంటారు. ఒక పౌనుకి ఎన్ని గుడ్డు పప్పులు తూగుతాయన్నదే ఆ నంబరు. నంబరు పెరిగితే పప్పు చిన్నది. తర్వాత బద్దలు, ముక్కలు వేరు చేస్తారు.

ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా వీటి మీదే నడుస్తుంది. ఒకటి, బాగా ఆరిన పిక్క పెంకులో ఉన్నంతకాలం నెలల తరబడి నిల్వ ఉంటుంది, పెంకు తీశాక పప్పు అంత ఆగదు, తొందరగా అమ్ముకోవాలి. రెండు, ఏది ఏ గ్రేడు అన్నది అన్నిటికంటే చివర తేలుతుంది.

ఇప్పుడు యూనివర్సిటీకి వద్దాం. ఎంబీఏలో ఒక కొత్త సబ్జెక్టు పెట్టాలని ఈ ఏడాది అనుకున్నారు. ముందు సిలబస్ తయారుచేసే కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్, కూర్చోవాలి. తర్వాత దాని పైనుండే అకడమిక్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, ఇప్పటికే చేరిన పిల్లలు ఏ రెగ్యులేషన్ (సిలబస్ నియమాలు) కింద చేరారో అదే రెగ్యులేషన్‌లో బయటికి వెళ్తారు. కొత్తది వచ్చే బ్యాచ్‌కే. ఎలక్టివ్, అంటే పిల్లలు ఎంచుకునే సబ్జెక్టు, అయితే ఆ బ్యాచ్ రెండో ఏడాదికి వచ్చాకే దాని మొహం చూస్తుంది. అంటే 2026లో అనుకున్నది 2027లో చేరినవాళ్లకి వర్తిస్తుంది, 2028లో క్లాసులో చెప్తారు, వాళ్లు 2029లో ఉద్యోగానికి వెళ్తారు. మూడేళ్లు! మూడేళ్లలో ఈ రోజు నడుస్తున్నది ఎక్కడుంటుందో ఎవరు చెప్పగలరు?

"అయితే ఆ కమిటీలన్నీ ఎత్తేయండి సార్" అంటారు కొందరు. ఎత్తేసినా చదువుకి పట్టే రెండేళ్లు ఎక్కడికీ పోవు. పిక్క కొన్న రోజుకీ పప్పు అమ్మే రోజుకీ మధ్య దూరం అలాగే ఉంటుంది.

ఆర్థికశాస్త్రంలో దీని మీద మంచి పని జరిగింది. సాలెగూడు సిద్ధాంతం అంటారు. నికొలస్ కాల్డర్ 1934లో ఆ పేరు పెట్టారు. ధర బాగుందని ఈ ఏడాది అందరూ అదే పంట వేస్తారు, పంట వచ్చేసరికి సరుకు ఎక్కువై ధర పడిపోతుంది, మరుసటి ఏడాది ఎవరూ వేయరు, మళ్లీ ధర పెరుగుతుంది. ఆ గీతలు కాగితం మీద గీస్తే సాలెగూడులా ఉంటుంది. రిచర్డ్ ఫ్రీమన్ అనే అమెరికా ఆర్థికవేత్త 1976లో ఇదే లెక్కను కొత్త ఇంజినీర్ల జీతాలకీ చదువులో చేరేవాళ్ల సంఖ్యకీ కట్టి చూపించారు. జీతాలు బాగున్న ఏడు అందరూ చేరతారు, అందరూ ఒకేసారి బయటికొచ్చి జీతాలు దించేస్తారు. మార్కెట్‌ని చూసి పరిగెత్తే స్కూల్ ఈ గూడుని ఇంకా బిగిస్తుంది. మేలు చేస్తున్నాననుకుంటూ పిల్లల్ని గుంపుగా ఒకే గుమ్మం దగ్గరికి తోలుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి. మాంద్యం వస్తే బిజినెస్ స్కూల్స్ ఖాళీ అయిపోతాయని చాలామంది అనుకుంటారు. తరచుగా జరిగేది దానికి ఉల్టా. ఉద్యోగాలు లేనప్పుడు చదువుకోడానికి వదులుకునే జీతం తక్కువ. కాబట్టి ఎక్కువమంది చదువు వైపు వస్తారు. కంపెనీలు పిలిచి ఉద్యోగాలిచ్చే ఏడు అప్లికేషన్లు తగ్గుతాయి. అంటే స్కూల్ దగ్గర జనం ఎక్కువైనప్పుడే బయట గిరాకీ తక్కువ. పిక్కలు పండిన ఏడే పప్పు ధర పడిపోయినట్టు. పేరున్న స్కూళ్లకీ ఇది తప్పదు. హార్వర్డ్‌లో 2024లో ఎంబీఏ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కున్నవాళ్లలో, మూడు నెలల తర్వాత కూడా దొరకనివాళ్లు 23 శాతం. రెండేళ్ల ముందు బ్యాచ్‌లో అది 10 శాతం. ఆ రెండేళ్లలో హార్వర్డ్‌లో పాఠం చెడిపోయిందా? లేదు, బయట సీజన్ మారింది. ఇది తెలిస్తే ఇక్కడి పిల్లలకి ప్లేస్‌మెంట్ రాలేదని ఇంట్లో తిట్టడం కొంతైనా తగ్గుతుంది, ఆ పిల్లలు పడే టెన్షన్ నేను చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

మరి స్కూల్ మారనే కూడదా? మారాలి. ఏది మారాలి, ఏది ఆగాలి అన్నదే అసలు విషయం. మళ్లీ పిక్క దగ్గరికి రండి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటికి వ్యాట్, ఎక్సైజ్ అనే పాత పన్నుల గురించి చదువుకుంటున్న కామర్స్, ఎంబీఏ పిల్లల సంగతి ఆలోచించండి. పుస్తకంలో ఒకటి, శ్రీకాకుళం బజార్లో షాపు బిల్లు మీద ఇంకొకటి. వ్యాట్ ఫారాలు, రేట్లు బట్టీ పట్టినవాడి చదువు ఆ రాత్రికి రాత్రే పాతబడింది. వాడిది పెంకు తీసేసిన పప్పు, అమ్మే సమయం దాటిపోయింది. కానీ అదే క్లాసులో ఇంకొకడు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటే ఏంటో అర్థం చేసుకున్నాడనుకోండి. కొన్నప్పుడు కట్టిన పన్నుని, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. ఇది వ్యాట్‌లోనూ ఉంది, జీఎస్టీలోనూ ఉంది. వాడికి కొత్త రేట్లు, కొత్త పోర్టల్ నేర్చుకోడానికి కొన్ని వారాలు చాలు. వాడు ఇంకా పెంకులో ఉన్నాడు. ఏ సీజన్‌కైనా పనికొస్తాడు.

కాబట్టి అకౌంటింగ్, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, మనుషులతో పనిచేయించడం, ఇవి పిక్క. వీటిని కదిలించకూడదు, ఇంకా గట్టిగా చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ రేటు, ఏ పోర్టల్ అన్నవి గ్రేడింగ్. అవి వీలైనంత చివర్లో, చిన్న కోర్సులుగా, ప్రతి ఏడూ మార్చుకునేలా ఉండాలి. మన దగ్గర చాలాచోట్ల జరిగేది దీనికి ఎదురు. స్టాటిస్టిక్స్ కష్టమని పలచన చేస్తారు, బిజినెస్ అనలిటిక్స్ (అంకెలు చూసి వ్యాపార నిర్ణయాలు తీసుకోవడం) అని బోర్డు పెడతారు. స్టాటిస్టిక్స్ రానివాడికి అనలిటిక్స్ ఎలా వస్తుందండీ? పిక్క ఆరబెట్టకుండా గ్రేడింగ్ బల్ల మీద పోసినట్టే.

ఇప్పుడు ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కాలానికి తగ్గట్టు మారడం అంటే క్లాసులో ఎలా ఉంటుందో ఒక్క లెక్కతో చూపిస్తాను.

[స్క్రీన్ మీద: తెల్లబోర్డు, మార్కర్]

ఒక జీడి ఫ్యాక్టరీ. లెక్క సులువుగా ఉండడానికి వెయ్యి బస్తాలు, బస్తా పన్నెండు వేలు అనుకుందాం, ఇది అసలు ధర కాదు. మొత్తం కోటీ ఇరవై లక్షలు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్, అంటే సరుకు మీద ఇచ్చే అప్పు, తీసుకుని కొన్నాడు. కొంత ముందు అమ్ముతాడు, కొంత తర్వాత అమ్ముతాడు, సగటున ఆరు నెలలు ఆ డబ్బు సరుకులో ఇరుక్కుంటుంది. వడ్డీ 9 శాతం అయితే ఆరు నెలలకి ఐదు లక్షల నలభై వేలు.

ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. రిజర్వ్ బ్యాంక్ మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని రెపో రేటు అంటారు. అది 2022 మే నెల దాకా 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5 శాతం చేసింది. బ్యాంకు అదంతా ఇతని మీద వేసిందనుకుంటే 9 శాతం కాస్తా పదకొండున్నర అయింది. వడ్డీ ఆరు లక్షల తొంభై వేలు. అదే గోడౌన్, అవే పిక్కలు, అదే కూలి, కానీ లక్షన్నర ఎక్కువ ఖర్చు. ఇప్పుడు పిల్లల్ని అడగండి. ఇతను సగం పిక్కలే కొని, మిగతావి తర్వాత ఎక్కువ ధరకి కొనాలా? దీపావళి దాకా ఆగకుండా ముందే కొంత అమ్మేయాలా? వ్యాపారులకి అప్పు ఇవ్వడం తగ్గించాలా? తగ్గిస్తే ఆ వ్యాపారి పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోతే?

గంటన్నర క్లాసు ఎలా గడిచిందో తెలియదు. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి తిప్పే డబ్బు), గిరాకీ అంచనా, బేరం, రిస్క్ అన్నీ ఇందులోనే వచ్చేశాయి. 2025లో రెపో రేటు మళ్లీ తగ్గడం మొదలైంది, అంకె మార్చండి, అదే కేసు (క్లాసులో చర్చించే వ్యాపార ఉదాహరణ) కొత్తగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి తోటల్ని పడగొట్టింది, ఆ ఏడాదికి పిక్కల ధర మార్చి లెక్క కట్టించండి. దీనికి బోర్డ్ ఆఫ్ స్టడీస్ అక్కర్లేదు, మూడేళ్లు ఆగక్కర్లేదు. పాఠం చెప్పే మనిషి పేపర్ చదివితే చాలు.

ఇలాంటి కేసులు మన చుట్టూ ఎన్ని! రాజాంలో 1978లో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పని చేపట్టింది. జనపనార నుంచి విమానాల దాకా ఎలా వెళ్లారు, ఎక్కడ అప్పు బరువైంది, ఏమేం అమ్ముకున్నారు, ఇంతకంటే మంచి కేసు ఎక్కడ దొరుకుతుంది? పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు ఉన్నాయి, మూలపేట పోర్టు ఉంది, పొందూరు ఖద్దరు ఉంది. మన పిల్లలు మాత్రం ఎక్కడో అమెరికా సూపర్ మార్కెట్ కేసు చదువుతారు, ప్రాజెక్ట్ రిపోర్ట్ జిరాక్స్ షాపులో పాతది తెచ్చి పేరు మార్చి బైండింగ్ చేయిస్తారు. ఆ రెండు నెలల ప్రాజెక్టే స్కూల్‌కి ఊరి వ్యాపారం గురించి కబురు తెచ్చే దారి. దాన్ని మనమే మూసేసుకున్నాం. ఇది నాకు నిజంగా బాధ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పాఠం చెప్పేవాళ్లు. శాశ్వత ప్రొఫెసర్‌ని తీసుకుంటే ముప్ఫై ఏళ్లు ఉంటారు, ఉండాలి కూడా, పిక్క పాఠాలు వాళ్లే చెప్పాలి. గ్రేడింగ్ పాఠాలకి బయట పనిచేసినవాళ్లు కావాలి. యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని ఒక దారి ఇచ్చింది. పదిహేనేళ్ల అనుభవం ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. పలాసలో పిక్కల వ్యాపారం తెలిసినవాళ్లని, పైడిభీమవరంలో ప్లాంట్ నడిపినవాళ్లని ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ లాంటి చోటికి తీసుకురావడానికి ఇది చక్కటి వీలు.

ఎవరికి చెప్తున్నాం అన్నది కూడా మార్చుకోవచ్చు. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ 2016లో ఆన్‌లైన్ ఎంబీఏ పెట్టింది, మొత్తం ఫీజు 22 వేల డాలర్ల దరిదాపుల్లో. 2019లో క్యాంపస్‌లో చెప్పే ఎంబీఏని ఆపేస్తున్నామంది. ఎంబీఏ పని అయిపోయిందని అప్పుడు చాలామంది రాశారు. స్కూల్ మూతపడలేదు. ఉద్యోగం వదిలి రాలేనివాళ్ల దగ్గరికి తనే వెళ్లింది. మన దగ్గర షాపు నడుపుకునేవాళ్లకి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లకి సాయంత్రం క్లాసులు ఎందుకు ఉండకూడదు? మాంద్యంలో కుర్రాళ్లు వస్తారు, మంచి రోజుల్లో వీళ్లు వస్తారు, స్కూల్ రెండు సీజన్లలోనూ నడుస్తుంది.

ఇది పెద్ద పట్నాల పని అనుకోకండి. పక్కనే వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ 1957లోనే ఎంబీఏ పెట్టింది. ఐఐఎంలు అప్పటికి పుట్టలేదు, మొదటివి 1961లో వచ్చాయి.

ఇక కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేవాళ్లకి. కాలేజీకి వెళ్లినప్పుడు ఏ కొత్త కోర్సు ఉందని అడగకండి. మొదటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ ఎవరు చెప్తున్నారో అడగండి, వీలైతే ఆ క్లాసు బయట పది నిమిషాలు నిలబడి వినండి. కిందటి ఏడు ప్రాజెక్ట్ రిపోర్టులు లైబ్రరీలో ఉంటాయి, రెండు మూడు తీసి తిరగేయండి. అందులో మన జిల్లా ఫ్యాక్టరీ ఏదైనా ఉందా, ఆ ఏటి అంకెలు ఉన్నాయా చూడండి. ఎలక్టివ్‌లు కాగితం మీద పది ఉంటాయి, నిజంగా ఎన్ని నడిపారో సీనియర్లని అడగండి.

జీడి ఫ్యాక్టరీ లెక్క మొత్తం వీడియో కింద పెడుతున్నాను. వడ్డీ రేటు దగ్గర ఈ రోజు రేటు వేసి మీరే కట్టి చూడండి.